ముందు గాజు చూడండి, తర్వాతే కోడ్ వేయండి

డబుల్ గ్లేజ్డ్ యూనిట్ల దిగుమతి, ఎగుమతి కాగితాలు చూసే ఉద్యోగులకు

అమీర్‌పేటలో ఎగ్జిమ్ డాక్యుమెంటేషన్ కోర్సు చేసి, పంజాగుట్టలోనో సోమాజిగూడలోనో ఒక ఫసాడ్ కాంట్రాక్టరు ఆఫీసులో చేరినవాళ్లకు మొదటి నెలలోనే ఈ పని తగులుతుంది. విదేశీ సప్లయర్ దగ్గర్నుంచి ప్రొఫార్మా ఇన్వాయిస్ వస్తుంది. అందులో ‘ఇన్సులేటెడ్ గ్లాస్’ అని ఒక్క ముక్క రాసి, పక్కన ఏదో నంబరు వేసి ఉంటుంది. మేనేజరు దాన్ని ఫార్వర్డ్ చేస్తూ “హెచ్‌ఎస్ కోడ్ చూసి సీహెచ్‌ఏకి పంపించెయ్” అంటారు. సీహెచ్‌ఏ అంటే కస్టమ్స్ బ్రోకరు.

అక్కడ చాలామంది చేసే పనులు మూడు. సప్లయర్ వేసిన కోడ్‌నే దించేస్తారు. లేదా కిందటిసారి వచ్చిన కన్‌సైన్‌మెంట్ ఫైలు తీసి అదే కోడ్ వేస్తారు. లేదా గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన నంబరు పెడతారు. మూడూ పక్కింటివాళ్ల కొలతలతో జాకెట్టు కుట్టించుకోవడం లాంటివే. ఒక్కోసారి సరిపోతుంది కూడా. సరిపోనప్పుడు కంటైనర్ డిపోలో నిలబడిపోతుంది, డెమరేజ్ మొదలవుతుంది, అందరి చూపూ కోడ్ వేసినవాళ్ల మీద పడుతుంది.

గాజు విషయంలో కోడ్ కష్టమైనదేమీ కాదు. ఆ క్రేట్‌లో ఉన్నది ఏమిటో పక్కాగా తెలుసుకోవడమే అసలు పని. అది తేలితే కోడ్ దానంతట అదే వస్తుంది.

క్రేట్‌లో ఏముంది?

హైదరాబాద్ సైట్లలో దీన్ని ‘డీజీయూ’ అంటారు, అంటే డబుల్ గ్లేజ్డ్ యూనిట్. కాగితాల్లో ఇన్సులేటింగ్ గ్లాస్ యూనిట్ అని, ఐజీయూ అని కూడా కనిపిస్తుంది. డ్రాయింగులో 6-12-6 అని ఉంటే బయటి పలక 6 మిల్లీమీటర్లు, మధ్య ఖాళీ 12, లోపలి పలక 6 అని అర్థం. మొత్తం మందం 24 మిల్లీమీటర్లు.

రెండు పలకల మధ్య చుట్టూ అంచున స్పేసర్ బార్ ఉంటుంది. ఎక్కువగా అల్యూమినియం. దాని లోపల తేమ పీల్చే గుళికలు పోస్తారు. స్పేసర్‌కూ గాజుకూ మధ్య బ్యూటైల్ పూత మొదటి సీల్. దాని వెలుపల సిలికోన్ గానీ పాలీసల్ఫైడ్ గానీ రెండో సీల్. మధ్య ఖాళీలో పొడిగాలి ఉంటుంది, లేదా ఆర్గాన్ నింపుతారు. ఏదో ఒక పలకకు లోపలివైపు లో-ఈ పూత, అంటే వేడిని తక్కువగా ప్రసరింపజేసే పూత ఉంటుంది. పశ్చిమం వైపు ఎండ కొట్టే ఆఫీసు భవనాలకు ఏసీ బిల్లు తగ్గించేది ఈ పూత, ఆ ఖాళీ కలిసే.

ఇప్పుడు సప్లయర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న: రెండు పలకలూ ఫ్యాక్టరీలోనే సీల్ అయి వస్తున్నాయా, లేక విడివిడిగా వస్తున్నాయా? రెండోది: చుట్టూ తలుపు లేదా కిటికీ ఫ్రేమ్ ఉందా? మూడోది: ఇది భవనానికా, వాహనానికా, ఫ్రిజ్ లాంటి యంత్రానికా? ఈ మూడు జవాబులూ మెయిల్‌లో రాతపూర్వకంగా రావాలి. ఫోన్‌లో “యెస్ యెస్” అన్నది పనికిరాదు.

70వ చాప్టర్‌లో దారి

గాజు, గాజు వస్తువులు కస్టమ్స్ టారిఫ్‌లో 70వ చాప్టర్‌లో ఉంటాయి. మనకు అవసరమైన హెడింగులు వరుసగా వస్తాయి. 7005 ఫ్లోట్ గ్లాస్. 7006 అంచులు చెక్కినవి, రంధ్రాలు వేసినవి, వంచినవి, ఇలా అదనపు పని జరిగిన గాజు. 7007 సేఫ్టీ గ్లాస్, అంటే టఫెన్డ్ లేదా లామినేటెడ్. 7008 గాజుతో చేసిన బహుళ గోడల ఇన్సులేటింగ్ యూనిట్లు. 7009 అద్దాలు.

సీల్ చేసిన, ఫ్రేమ్ లేని డీజీయూ ఉండాల్సింది 7008లో. ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణ నోట్స్ కూడా దాదాపు ఇదే వర్ణన ఇస్తాయి: రెండు లేదా ఎక్కువ గాజు పలకలు, మధ్యలో పొడిగాలి లేదా జడవాయువు, అంచుల చుట్టూ లోహం, ప్లాస్టిక్ లేదా మరో పదార్థంతో గాలి చొరకుండా సీల్. మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర ఉన్న రకాన్ని కూడా ఆ నోట్స్ ఇక్కడే చేరుస్తాయి. ఈ నోట్స్ చట్టం కాదు గానీ, టారిఫ్ హెచ్‌ఎస్ మీద ఆధారపడి ఉన్నప్పుడు వాటికి ఎంత విలువ ఇవ్వాలో సుప్రీంకోర్టు 1995లో వుడ్ క్రాఫ్ట్ ప్రొడక్ట్స్ కేసులో చెప్పింది. అధికారికి జవాబు రాసేటప్పుడు వాటిని ఉదహరించడానికి జంకక్కర్లేదు.

ఎక్కువమంది తడబడే చోట్లు నాలుగు.

మొదటిది టఫెన్డ్ గాజు. డీజీయూలో వాడిన రెండు పలకలూ టఫెన్డ్ అయితే 7007 అనుకుంటారు. కాదు. 7007 గురించిన వివరణ నోట్స్‌లోనే, ఇన్సులేటింగ్ యూనిట్లు 7008కి వెళ్తాయని స్పష్టంగా ఉంది. లోపల టఫెన్డ్ ఉన్నా, లామినేటెడ్ ఉన్నా, సీల్ అయి యూనిట్‌గా మారాక దాని చోటు 7008.

రెండోది లామినేటెడ్ గాజు. రెండు పలకలు ఉన్నాయి కదా అని దాన్ని తీసుకెళ్లి 7008లో పెట్టేవాళ్లున్నారు. అందులో పలకల మధ్య ఉండేది ప్లాస్టిక్ పొర, ఖాళీ కాదు. అది 7007 29. పలకలెన్ని అని లెక్కపెట్టడం కాదు, మధ్యలో ఏముందో చూడాలి.

మూడోది పూత. లో-ఈ పూత ఉన్న ఒంటి ఫ్లోట్ పలక 7005 10. 70వ చాప్టర్ రెండో నోట్ ఈ పూతను నిర్వచించింది: పరారుణ కిరణాల వంటివాటిని పీల్చే లేదా గాజు ప్రతిఫలన గుణాన్ని పెంచే, అయినా కొంత పారదర్శకత మిగిలే, అతి పలుచని లోహపు లేదా రసాయన పొర. అదే నోట్ ఇంకొకటి కూడా చెబుతుంది, పలకను ఒక ఆకారానికి కోసినంత మాత్రాన దాని హెడింగ్ మారదు. అయితే పూత ఉన్న ఆ పలకనే టఫెన్ చేస్తే 7007 19కి వెళ్తుంది. మరో పలకతో కలిపి సీల్ చేస్తే 7008కి వెళ్తుంది. ఒకే గాజు మూడు దశల్లో మూడు ఇళ్లు మారుతుంది. మనకు లెక్క, సరిహద్దు దాటే వేళకు అది ఏ దశలో ఉందన్నదే.

నాలుగోది గాజు ఇటుక. లోపల గాలి మూసుకుపోయి ఉన్నా గ్లాస్ బ్రిక్స్‌ది 7016. గాలి ఉన్నదల్లా 7008 కాదు.

మన దేశపు టారిఫ్‌లో 7008 కింద ఎనిమిది అంకెల స్థాయిలో మూడు గీతలున్నాయి. 7008 00 10 డబుల్ వాల్డ్ గ్లేజ్డ్ గ్లాస్‌కు, 7008 00 20 మల్టిపుల్ వాల్డ్‌కు, 7008 00 90 మిగతావాటికి. రెండు పలకల డీజీయూ మొదటిదానిలో, మూడు పలకల ట్రిపుల్ గ్లేజింగ్ రెండోదానిలో పెట్టాలి. ‘ఎందుకొచ్చిన గొడవ’ అని అన్నిటికీ 90 వేయడం మంచి అలవాటు కాదు. పైన సరిపోయే గీత ఉండగా ‘మిగతావి’ని ఎంచుకుంటే ప్రశ్నను మనమే పిలిచినట్టు.

ఫ్రేమ్ ఎక్కితే లెక్క మారుతుంది

డీజీయూను అల్యూమినియం ఫ్రేమ్‌లో బిగించి, తాళం, హ్యాండిల్, గాస్కెట్లతో కిటికీగా పంపితే అది గాజు కాదు, కిటికీ. అల్యూమినియం తలుపులు, కిటికీలు 7610 10. యూపీవీసీ అయితే 3925 20. ఇనుము, ఉక్కు అయితే 7308 30. చెక్క అయితే 4418. ఇందులో గాజు ఎంత ఖరీదైనదైనా సరే, తలుపులు, కిటికీలు అని పేరుపెట్టి హెడింగ్ ఉన్నప్పుడు అక్కడికే పోవాలి. కర్టెన్ వాల్ యూనిటైజ్డ్ ప్యానెళ్లు, అంటే అంతస్తు ఎత్తున అల్యూమినియం చట్రంలో గాజు బిగించి వచ్చేవి, సాధారణంగా 7610 వైపే చూడాలి.

ఇక్కడ ఒక చిన్న విషయం పెద్ద తగాదా తెస్తుంది. స్పేసర్ బార్ ఫ్రేమ్ కాదు. అది యూనిట్ లోపలి భాగం. రవాణాలో అంచులు దెబ్బతినకుండా తగిలించే రబ్బరు, ప్లాస్టిక్, రేకు చుట్టు కూడా ఫ్రేమ్ కాదు, ప్యాకింగ్. ఇన్వాయిస్‌లో సప్లయర్ ‘విత్ అల్యూమినియం ఫ్రేమ్’ అని రాసి, అసలు అర్థం స్పేసర్ అయితే, షిప్‌మెంట్ బయల్దేరకముందే ఆ మాట మార్పించండి. తర్వాత ఎంత వివరించినా, ఇన్వాయిస్‌లో ఉన్న అక్షరమే గట్టిది.

రైలు, మెట్రో పనులు చేసే కంపెనీలకు ఇంకో మలుపు ఉంది. శంకర్‌పల్లి దగ్గర కొండకల్‌లో 2023లో రైలు కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమయ్యాక ఈ తరహా కిటికీల మాట మన ఆఫీసుల్లోకీ వచ్చింది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఎస్ ప్రకారం, 86 నుంచి 88 చాప్టర్లలోని వాహనాల కోసం ఫ్రేమ్‌తో వచ్చే కిటికీలు, ముందు అద్దాలు 70వ చాప్టర్‌లోకి రావు. వేడిచేసే తీగలు లేదా ఇతర విద్యుత్, ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు ఉంటే ఫ్రేమ్ లేకున్నా రావు. అవి వాహన భాగాలతో కలుస్తాయి.

సూపర్ మార్కెట్ ఫ్రీజర్ తలుపులది వాదనకు చోటున్న జాగా. హ్యాండిల్, గాస్కెట్, కీలు బిగించి తలుపుగానే వస్తే రిఫ్రిజిరేటర్ భాగాల 8418 99 బలంగా కనిపిస్తుంది. వట్టి సీల్డ్ గాజు యూనిట్‌గా వస్తే 7008కి బలం. కరెంటు పెడితే రంగు మారే స్మార్ట్ గ్లాస్ డీజీయూ కూడా ఇదే కోవ. ఇలాంటివాటిలో సొంత తెలివి ఉపయోగించి కోడ్ వేయకండి. అడ్వాన్స్ రూలింగ్ దారి ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

విడిగా తెచ్చి ఇక్కడ అతికిస్తే

గాజు పలకలు, స్పేసర్, సీలెంట్ విడిగా దిగుమతి చేసి, ఇక్కడే డీజీయూ తయారుచేసే ప్రాసెసర్లున్నారు. అప్పుడు దేని కోడ్ దానికే. పూత ఉన్న ఫ్లోట్ 7005, టఫెన్డ్ 7007, సీలెంట్ దాని కూర్పును బట్టి 3214 వంటి చోట్ల.

అన్నీ ఒకే కంటైనర్‌లో, ఒకే ఇన్వాయిస్‌లో వస్తే? టారిఫ్ వ్యాఖ్యాన సూత్రాల్లో 2(ఎ) ప్రకారం, విడదీసి పంపిన వస్తువును కూడా పూర్తయిన వస్తువుగానే చూడవచ్చు. కానీ ఆ సూత్రం బిగించి కలిపే పనికి సంబంధించినది. కలపడానికి ముందు విడిభాగాల మీద ఇంకా తయారీ పని మిగిలి ఉంటే అది వర్తించదని వివరణ నోట్స్ చెబుతాయి. స్పేసర్ కోసి వంచడం, గుళికలు నింపడం, గాజు కడగడం, వాయువు నింపడం, రెండు దశల్లో సీల్ చేయడం ఇవన్నీ ఇక్కడే జరుగుతాయని మీ ఫ్యాక్టరీ ప్రాసెస్ షీట్‌లో ఉందా? ఆ షీట్ కాపీ ఫైల్లో ఉంచుకోండి. అడిగిన రోజు వెతుక్కోకూడదు.

అధికారి మీ గాజును చూడరు

ముంబయి దగ్గరి నవశేవా రేవులో దిగిన కంటైనర్ రైలు మీద సనత్‌నగర్ ఇన్‌లాండ్ కంటైనర్ డిపోకు వస్తుంది. అమీర్‌పేట నుంచి అది దగ్గరే. కానీ మీ బిల్ ఆఫ్ ఎంట్రీని చూసే అధికారి సనత్‌నగర్‌లో ఉంటారని అనుకోకండి. 2020లో ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చాక ఆ బిల్లు వేరే నగరంలోని అధికారి తెర మీదికి పోవచ్చు. ఆయనకు క్రేట్ కనిపించదు, మీరూ కనిపించరు. కనిపించేది మీరు రాసిన వర్ణన, ఈ-సంచిత్‌లో ఎక్కించిన కాగితాలు, అంతే.

అందుకే ఆ వర్ణన గీతను తేలిగ్గా తీసుకోకూడదు. ‘ఇన్సులేటెడ్ గ్లాస్’ అని వదిలేస్తే క్వెరీ రావడం దాదాపు ఖాయం. దాని బదులు ఇలా రాస్తే: ‘డబుల్ గ్లేజ్డ్ ఇన్సులేటింగ్ గ్లాస్ యూనిట్, 6 మి.మీ. టఫెన్డ్ లో-ఈ, 12 మి.మీ. ఆర్గాన్, 6 మి.మీ. టఫెన్డ్ క్లియర్, అంచులు ఫ్యాక్టరీలో సీల్ చేసినవి, ఫ్రేమ్ లేనివి, భవనాల గ్లేజింగ్‌కు’. ఇందులో అధికారి అడగగల ప్రశ్నలు చాలావరకు ముందే తీరిపోయాయి. పలకలెన్ని, మధ్యలో ఏముంది, సీల్ అయిందా, ఫ్రేమ్ ఉందా, ఎక్కడ వాడతారు, అన్నీ ఒక గీతలో ఉన్నాయి. దీనికి తోడుగా అడ్డుకోత డ్రాయింగ్, టెక్నికల్ డేటా షీట్, ప్యాకింగ్‌కు ముందు తీసిన ఫొటో ఈ-సంచిత్‌లో పెట్టండి. అంచు దగ్గరగా తీసిన ఒక్క ఫొటో పేజీల కొద్దీ రాసే వివరణను తప్పిస్తుంది.

బరువు కూడా మీ మాటకు సాక్ష్యమే. చదరపు మీటరు గాజు ఒక మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 6-12-6లో గాజు 12 మిల్లీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 30 కిలోలు, పైన స్పేసర్, సీలెంట్ కొంచెం. ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తున్న యూనిట్ 3.6 చదరపు మీటర్లు, గాజు బరువే 108 కిలోలు. క్రేట్‌కు 20 ఉంటే 2,160 కిలోలు. ప్యాకింగ్ లిస్ట్‌లో అదే క్రేట్ నికర బరువు 1,100 కిలోలని ఉంటే అంకె తప్పు, లేదా గాజు మందం తప్పు, లేదా యూనిట్ల సంఖ్య తప్పు. చెక్‌లిస్ట్ మీద ‘ఓకే’ అనేముందు క్యాలిక్యులేటర్ తీసి ఈ ఒక్క లెక్క వేయండి. టారిఫ్‌లో ఆ కోడ్ ఎదురుగా ఏ కొలత యూనిట్ ఉందో చూసి, చదరపు మీటర్లను కిలోల్లోకి మార్చాల్సి వచ్చినా ఇదే లెక్క.

డబ్బు ఎక్కడ తేడా పడుతుంది?

రేట్లు బడ్జెట్‌తో, నోటిఫికేషన్లతో మారుతుంటాయి. ఫైల్ చేసే రోజు కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో చూసుకోవడమే పద్ధతి. లెక్క తీరు మాత్రం నేర్చుకోవాలి. ఉదాహరణకు విలువ పది లక్షలు, బేసిక్ డ్యూటీ 10 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. బేసిక్ లక్ష. దాని మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్ పదివేలు. మొత్తం 11,10,000 మీద ఐజీఎస్టీ 1,99,800. కట్టాల్సింది 3,09,800. అదే వేరే కోడ్‌కు బేసిక్ 15 శాతం ఉందనుకుంటే బేసిక్ 1,50,000, సర్‌చార్జ్ 15,000, ఐజీఎస్టీ 2,09,700, మొత్తం 3,74,700. తేడా 64,900. ఇందులో 9,900 ఐజీఎస్టీ, కంపెనీకి అర్హత ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. మిగిలిన 55,000 ఖర్చే. సార్‌కు చెప్పేటప్పుడు ఈ రెండు అంకెలూ విడదీసి చెప్పండి, ఆ మాటకు విలువ పెరుగుతుంది.

కోడ్ మీద ఆధారపడేవి ఇంకా ఉన్నాయి. ఆసియాన్ దేశాల నుంచో యూఏఈ నుంచో వస్తే రాయితీ సుంకం దొరకవచ్చు. దానికి ఆరిజిన్ సర్టిఫికెట్ ఒక్కటీ చాలదు. 2020 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న కారోటార్ నిబంధనల ప్రకారం ఆ దేశంలో సరుకు ఎలా తయారైందన్న సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి. రాయితీ, మినహాయింపు నోటిఫికేషన్లను బిగుతుగా చదవాలని, సందేహం వస్తే లాభం ప్రభుత్వానికేనని సుప్రీంకోర్టు 2018లో దిలీప్ కుమార్ కేసులో తేల్చింది. కనుక ‘చూద్దాంలే’ అని క్లెయిమ్ చేసేది కాదు.

యాంటీ డంపింగ్ ఇంకొకటి. మలేషియా నుంచి వచ్చే క్లియర్ ఫ్లోట్ గ్లాస్ మీద 2020లో ఆ సుంకం వేశారు. అలాంటి నోటిఫికేషన్‌లో కోడ్‌తో పాటు వస్తువు వర్ణన, మందం, దేశం, ఉత్పత్తిదారు కూడా ఉంటాయి. గడువు, పొడిగింపు కూడా చూడాలి. ఇక భవనాల సేఫ్టీ గ్లాస్‌కు ఐఎస్ 2553 మొదటి భాగం ప్రమాణం, దాని మీద కేంద్రం క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. ‘మాది 7008 కదా, లోపలి టఫెన్డ్ పలకలతో మాకేం సంబంధం’ అని ఆర్డర్ పెట్టేయకండి. పర్చేజ్ ఆర్డర్ వెళ్లకముందే బీఐఎస్ లైసెన్సు సంగతి లిఖితపూర్వకంగా తేల్చుకోండి. డిపోకు వచ్చాక లైసెన్సు పుట్టదు.

కోడ్ తప్పు వేరు, వర్ణన తప్పు వేరు

2011 నుంచి మన దగ్గర సెల్ఫ్ అసెస్‌మెంట్. కోడ్ వేసే బాధ్యత దిగుమతిదారుదే. తప్పు పడితే, మామూలు సందర్భాల్లో రెండేళ్లలోపు, దాచిపెట్టడం, కావాలని తప్పు చెప్పడం ఉంటే ఐదేళ్లలోపు, కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ కింద నోటీసు రావచ్చు. రెండో రకంలో పెనాల్టీ కూడా బరువుగానే ఉంటుంది.

ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో 1998లో సుప్రీంకోర్టు నార్తర్న్ ప్లాస్టిక్స్ కేసు చూపిస్తుంది. వస్తువును సరిగ్గా వర్ణించి, తాను నమ్మిన కోడ్‌నో మినహాయింపునో కోరితే, ఆ కోరిక చివరికి చెల్లకపోయినా అది తప్పుడు ప్రకటన కాదు. ఇది ఉద్యోగిగా మీకు రక్షణ. ‘ఫ్రేమ్‌తో ఉన్న కిటికీ’ అని నిజం రాసి కోడ్ మీద వాదిస్తే అది వివాదం. ఫ్రేమ్ ఉన్నా ‘ఫ్రేమ్ లేదు’ అని రాస్తే అది నేరం వైపు అడుగు. డ్యూటీ మిగలాలని వర్ణన మార్చమని ఎవరు చెప్పినా మార్చకండి. కోడ్ మీద ఎంతైనా వాదించండి.

ఇలాంటి మాట ఆఫీసులో ఎలా చెప్పాలి? “పోయినసారి 7007 వేశాం కదా, అదే వెయ్యి” అని మేనేజరు అంటే, “తప్పు సార్” అని మొదలుపెట్టకండి. “సార్, పోయినసారి వచ్చింది ఒంటి టఫెన్డ్ పలక. ఈసారి రెండు పలకలు సీల్ అయి వస్తున్నాయి. డ్రాయింగ్ ఇదిగో. 7008 వేస్తే క్వెరీ వచ్చినా జవాబు మన చేతిలో ఉంటుంది” అనండి. ముందు వస్తువులో తేడా చూపితే, కోడ్‌లో తేడాను ఆయనే ఒప్పుకుంటారు.

పాత బిల్లుల్లో నిజంగానే తప్పు ఉందని తేలితే దాచిపెట్టి కొత్తదానిలో మాత్రం మార్చేయడం ప్రమాదం. రెండు బిల్లులు పక్కపక్కన పెట్టి చూసేది ఆడిట్ వాళ్లే. చట్టంలో 149వ సెక్షన్ కింద పత్రం సవరణ ఉంది. క్లియరెన్స్ అయ్యాక తామే ముందుకొచ్చి సవరించుకునే వీలును 2025 ఆర్థిక చట్టం 18ఎ సెక్షన్‌గా చేర్చింది. ఆడిట్ గానీ దర్యాప్తు గానీ మొదలై సమాచారం అందాక ఆ తలుపు మూసుకుంటుంది. కాబట్టి తెలిసిన వెంటనే పై అధికారికి, కంపెనీ కన్సల్టెంట్‌కు మెయిల్ పెట్టండి.

స్మార్ట్ గ్లాస్, ఫ్రీజర్ తలుపు లాంటి సందేహాలకు అడ్వాన్స్ రూలింగ్. 2021 నుంచి ఢిల్లీ, ముంబయిలలో కస్టమ్స్ అథారిటీలు పనిచేస్తున్నాయి. సరుకు రాకముందే దరఖాస్తు చేయాలి. దరఖాస్తు అందిన మూడు నెలల్లో రూలింగ్ ఇవ్వాలని చట్టం చెబుతుంది. చట్టం, వాస్తవాలు మారకపోతే రూలింగ్ కొన్నేళ్లు నిలుస్తుంది. ఏడాది పొడుగునా అదే సరుకు తెచ్చే కంపెనీకి ఈ ఖర్చు చిన్నది. మేనేజరుకు ఈ మాట మీరే ముందు చెప్పండి.

ఎగుమతి చేస్తుంటే

హెచ్‌ఎస్‌లో మొదటి ఆరు అంకెలే ప్రపంచమంతా ఒకటి. 7008 00 ఎక్కడైనా 7008 00. ఆ తర్వాతవి ఏ దేశానికి ఆ దేశమే పెట్టుకుంటుంది. అమెరికాలో చివర అన్నీ సున్నాలే. ఐరోపా యూనియన్‌లో మాత్రం మూడు గీతలు: రంగు కలిపిన లేదా పూత ఉన్న గాజుతో చేసినవి 7008 00 20, రెండు పలకల మధ్య గాలి, ఇతర వాయువు లేదా శూన్యం ఉండి అంచులు సీల్ చేసినవి 7008 00 81, మిగతావి 7008 00 89. మన 10, 20, 90లకూ వాటికీ సంబంధం లేదు. లో-ఈ పూత ఉన్న మన 7008 00 10 సరుకు అక్కడ 7008 00 20 కావచ్చు.

కాబట్టి షిప్పింగ్ బిల్లులో భారత టారిఫ్ ఎనిమిది అంకెలు వేయండి, రోడ్‌టెప్, డ్రాబ్యాక్ లెక్కలు దాని మీదే నడుస్తాయి. బయ్యర్ తమ దేశపు కోడ్ ఇన్వాయిస్‌లో కావాలంటే ‘దిగుమతి దేశపు కోడ్’ అని విడిగా రాయండి. దుబాయ్‌కో అబుదాబికో పంపేటప్పుడు, 2022 మే నుంచి అమల్లో ఉన్న యూఏఈ ఒప్పందం కింద ఆరిజిన్ సర్టిఫికెట్ తీస్తారు. అందులో ఆరు అంకెలు, వర్ణన, ఇన్వాయిస్‌తో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. అక్కడ తేడా వస్తే రాయితీ పోయి బయ్యర్ మీద సుంకం పడుతుంది, ఆ కోపం వచ్చే ఆర్డర్ మీద తీరుతుంది. గాజు ఎగుమతిదారులకు ఎగుమతి ప్రోత్సాహక మండలి క్యాపెక్సిల్.

ఈ పనిలో పైకి రావాలంటే

అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో సాఫ్ట్‌వేర్, ఐస్‌గేట్ తెరలు, ఫారాలు నేర్పుతారు. టారిఫ్ చదవడం మాత్రం మీకు మీరే నేర్చుకోవాలి. సెక్షన్ నోట్, చాప్టర్ నోట్, తర్వాత హెడింగ్, ఈ వరుసలో చదవండి. రోజూ ఆఫీసుకు వచ్చే ఒక వస్తువు తీసుకుని అది ఎందుకు ఈ హెడింగో, ఎందుకు పక్కది కాదో రెండు వాక్యాలు రాయండి.

కస్టమ్స్ బ్రోకర్ దగ్గర పనిచేస్తుంటే మెట్లు స్పష్టంగా ఉన్నాయి. 2018 నాటి లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం ఉద్యోగిగా హెచ్ కార్డు, కమిషనరేట్ పరీక్ష పాసైతే జీ కార్డు, అందులో అనుభవం, డిగ్రీ కలిస్తే బ్రోకర్ లైసెన్సుకు దారితీసే పరీక్ష, అది పాసైతే ఎఫ్ కార్డు. ఆ పరీక్ష నిర్వహించేది కస్టమ్స్ శిక్షణ అకాడమీ నాసిన్. 2024 జనవరిలో శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలో దాని కొత్త ప్రాంగణం ప్రారంభమైంది. అదే నిబంధనల్లో బ్రోకర్ బాధ్యతలూ ఉన్నాయి. క్లయింటుకు ఇచ్చే సమాచారం సరైనదేనా అని శ్రద్ధగా తెలుసుకోవడం, క్లయింటు చట్టం పాటించకపోతే అధికారి దృష్టికి తేవడం వాటిలో ముఖ్యమైనవి. దిగుమతిదారు ఆఫీసులో ఉన్నా ఈ నిబంధనలు చదవండి. సీహెచ్‌ఏ అన్న ఎందుకన్ని ప్రశ్నలు వేస్తున్నాడో అప్పుడు అర్థమవుతుంది.

రాబోయే ప్రతి కొత్త గాజు వస్తువుకూ ఒక పేజీ క్లాసిఫికేషన్ నోట్ తయారుచేయండి. పైన వస్తువు వర్ణన, అడ్డుకోత బొమ్మ. కింద పరిశీలించిన హెడింగులు, వాటిలో వదిలేసినవి ఎందుకు వదిలేశారో. ఆ కింద ఎంచుకున్న కోడ్, దానికి ఆధారమైన చాప్టర్ నోట్, తేదీ, మేనేజరు సంతకం. వచ్చే ఏడాది మీరు వేరే కంపెనీకి వెళ్లినా ఆ కాగితం అక్కడే ఉంటుంది, మూడేళ్ల తర్వాత ఆడిట్ వచ్చినప్పుడు మీ తర్వాత వచ్చినవాళ్లు దాన్నే తీసి చూపిస్తారు.